అయిపోయిందనుకో

సుభాషిణి ఎవరేం అడిగినా ముందు నవ్వుతుంది. తర్వాత "కనుక్కుంటానండీ" అంటుంది. ఆ తర్వాత నిజంగానే కనుక్కుంటుంది. ఈ పరదేశపు ఊళ్ళో, షామ్‌బర్గ్‌లో, మొదటి రెండూ చేసేవాళ్ళకు కొదవలేదు. మూడోది కూడా చేసే మనిషి కాబట్టే డాక్టర్ మల్లికార్జునరావుగారి క్లినిక్ తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిమీదుగా నడుస్తోంది. ఫోనెత్తేది ఆమె, అపాయింట్‌మెంట్లు ఇచ్చేది ఆమె, ఇన్సూరెన్సువాళ్ళతో గంటలకొద్దీ వాదులాడేది ఆమె. ఇండియా నుంచి కొడుకుల దగ్గరికొచ్చిన ముసలివాళ్ళకు ఏది బీపీ మాత్రో, ఏది కీళ్ళనొప్పుల మాత్రో విడమరిచి చెప్పేదీ ఆమే. డాక్టరుగారి ఉత్తరాలన్నీ టైపు చేసేది కూడా ఆమే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని సంగతే ఇది.

ఖమ్మంలో బీయస్సీ చదివి, పెళ్ళయి, నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని తొంభై నాలుగులో ఈ దేశం వచ్చింది. భర్త వీరభద్రరావు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మంచివాడు, మాట్లాడడు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు గనక ఎనిమిదేళ్ళు ఇంట్లోనే గడిచిపోయాయి. ఉద్యోగం చేసుకోవచ్చన్న కాగితాలు చేతికొచ్చిన ఏడాదే మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేసి, ఈ క్లినిక్‌లో చేరింది. మొదటిరోజు డాక్టరుగారు, "ఇది మన క్లినిక్ అనుకోమ్మా," అన్నారు. ఆయనది గుంటూరు. అనుకోమనడం ఆయనకు బాగా అలవాటు. ఆమె కూడా అమాయకంగా అలాగే అనుకుంది.

సుభాషిణికి ఉన్న నమ్మకాల్లో గట్టిది ఒక్కటే, మనవాళ్ళు. పన్నులు కట్టించే ఆయన మనవాళ్ళు, పళ్ళ డాక్టరు మనవాళ్ళు, కారు చెడిపోతే చూసేవాడు మనవాళ్ళకు తెలిసినవాడు. పరాయివాళ్ళు పని బాగా చేస్తారేమో గాని, మనవాళ్ళు మనకోసం చేస్తారు. ఇదీ ఆమె లెక్క. ఈ లెక్క ఆమెను పదిహేడేళ్ళు ఎక్కడా పెద్దగా ముంచలేదు. అందుకే దాన్ని తిరగేసి చూసుకోవలసిన అవసరం రాలేదు.

కూతురు దేదీప్య డాక్టరవ్వాలనుకుంది. ఎవరూ బలవంతపెట్టలేదు. కాలేజీలో ఉండగా రెండేళ్ళపాటు ప్రతి గురువారం మధ్యాహ్నం క్లినిక్‌కి వచ్చి, షుగరు పేషెంట్లకు ఫోన్లు చేసేది. మందులు వేసుకుంటున్నారా, కాళ్ళు చూసుకుంటున్నారా, ఇవే ప్రశ్నలు. పిల్ల తెలుగు అంతంతమాత్రం. పెద్దవాళ్ళను కూడా "నువ్వు" అంటుంది. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ "వచ్చింది, పోయింది" అంటుంది. పక్కనే కూర్చున్న సుభాషిణి "మీరు అనాలే, మీరు" అని గుసగుసగా సర్దుతూ ఉండేది.

అంజయ్య అని ఒక ముసలాయన ఉండేవాడు. కొడుకు దగ్గర ఉంటూ, ఇంగ్లీషు రాక, కారు రాక, టీవీ ముందు కూర్చుని పొద్దుపుచ్చే మనిషి. ఇన్సులిన్ తీసుకోమంటే ఎనిమిది నెలలు మొరాయించాడు. డాక్టరుగారు కోప్పడ్డారు, కొడుకు బతిమాలాడు, లాభం లేకపోయింది. ఒక గురువారం దేదీప్య ఫోన్ చేసి, "తాతగారూ, సూది తిన్నావా?" అని అడిగింది. మందు తినడం అంటారు కదా, సూది కూడా తింటారనుకుంది పాపం. అటువైపు ముసలాయన నవ్విన నవ్వు సుభాషిణి బల్లదాకా వినిపించింది. "తినలే బిడ్డా, నువ్వు అడిగినవ్ గద, ఇగ తింట," అన్నాడు. ఆ తర్వాత ప్రతి గురువారం నాలుగింటికి ఫోను పక్కనే కూర్చుని, "తిన్న బిడ్డా, కడుపునిండ తిన్న," అని తనే ముందు చెప్పేవాడు. మూడు నెలల్లో షుగరు దారికొచ్చింది.

రెండువేల పదకొండు మే నెలలో అప్లికేషన్ పని మొదలైంది. మెడికల్ స్కూళ్ళకు మార్కులు, పరీక్ష స్కోరు, వ్యాసాలు ఒక ఎత్తయితే, సిఫార్సు లెటర్లు ఒక ఎత్తు. ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక డాక్టరు, మొత్తం మూడు ఉత్తరాలు, రాసినవాళ్ళ దగ్గర్నుంచే నేరుగా రావాలి. వచ్చినవాళ్ళ ఫైలు వచ్చినట్టు చూస్తారు, ముందు చూసినవాళ్ళను ముందు ఇంటర్వ్యూకి పిలుస్తారు, సీట్లు అయిపోతూ ఉంటాయి. మూడింట్లో ఒక్కటి ఆలస్యమైనా ఫైలు కదలదు.

"హాస్పిటల్‌లో డాక్టర్ నోవాక్ ఉంది కదా అమ్మా, నేను వాలంటీర్ చేసే దగ్గర. She offered. రాస్తా అంది," అంది దేదీప్య.

"ఆవిడెవరే? ఆర్నెల్లు చూసి నీ గురించి ఏం రాస్తుంది? అంకుల్ నిన్ను పన్నెండేళ్ళ పిల్లప్పట్నించి చూస్తున్నారు. మనవాళ్ళు రాసినట్టు పరాయివాళ్ళు రాస్తారా?"

దేదీప్యకు అంత ఇష్టం లేదు గాని, తల్లి మాట తీసెయ్యలేదు. మర్నాడు క్లినిక్‌లో అడిగితే డాక్టరుగారు చేతిలో కాఫీతో చాలా ఆప్యాయంగా, "దానికేం భాగ్యమమ్మా! నువ్వే బాగా రాసి నాకు మెయిల్ చెయ్యి. నాలుగు ముక్కలు అటూ ఇటూ మార్చి సంతకం పెట్టేస్తా. అయిపోయిందనుకో," అన్నారు.

"నా లెటర్ నేను రాయడం ఏంటి? Isn't that cheating?" అని పిల్ల ఇంటికొచ్చాక గొడవ చేసింది.

"ఆయనకు టైము ఎక్కడుంది? మన దగ్గర అంతా అంతేనే. సంతకం ఆయనదేగా," అని సుభాషిణి సర్దిచెప్పింది.

తల్లీ కూతుళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని ఆ ఉత్తరం రాశారు. తన గొప్ప తను రాసుకోవడానికి దేదీప్య సిగ్గుపడిపోతుంటే, సుభాషిణి తెలుగులో చెప్పేది, పిల్ల ఇంగ్లీషులో పెట్టేది. అంజయ్య కథ పెట్టాలన్నది తల్లే. "ఎనిమిది నెలలు ఎవరి మాటా వినని మనిషి, వచ్చీరాని తెలుగులో ఒక పిల్ల సూది తిన్నావా అని అడిగితే విన్నాడు. వైద్యం నేర్పించొచ్చు గాని, ముసలివాళ్ళు ఫోను పక్కన కూర్చుని ఎదురుచూసేలా చెయ్యడం నేర్పించలేం." ఈ చివరి వాక్యం సుభాషిణిది. తన జన్మలో తను చెప్పిన మాట ఒకటి డాక్టరు సంతకంతో పెద్ద పెద్ద కాలేజీలకు వెళ్తోందని ఆమెకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండింది. మే ముప్పయ్యో తారీకున మెయిల్ వెళ్ళింది. జూన్‌లో దేదీప్య పద్నాలుగు స్కూళ్ళకు అప్లై చేసింది. ప్రొఫెసర్ల లెటర్లు రెండూ జులై మొదటి వారానికి చేరిపోయాయి.

మూడోది చేరలేదు.

కంప్యూటర్లో ఆ మూడో గడిలో 'నాట్ రిసీవ్డ్' అని ఉండేది. దేదీప్య పొద్దున లేవగానే ఆ పేజీ చూసేది, కాలేజీ నుంచి వచ్చాక చూసేది. సుభాషిణి క్లినిక్‌లో డాక్టరుగారి గదికి నాలుగు అడుగుల దూరంలో కూర్చుంటుంది. అడగడం ఎంతసేపు? కానీ ఆ నాలుగు అడుగుల మధ్య తొమ్మిదేళ్ళ మొహమాటం ఉంది. మొదటిసారి ఫైళ్ళమీద పసుపు చీటీ అంటించింది, 'దేదీప్య లెటర్' అని. ఆయన చూసి నవ్వి, చీటీ తీసి సొరుగులో అంటించుకున్నారు. రెండోసారి కాఫీ కప్పుకు అంటించింది. ఆ చీటీ కూడా సొరుగులోకే పోయింది. మూడోసారి నోరు తెరిచి అడిగింది.

"అయ్యో, అయిపోయిందనుకోమ్మా."

"అంకుల్ అయిపోయింది అంది అన్నావ్ కదా?" అని దేదీప్య ఆగస్టులో నిలదీసింది.

"అయిపోయిందన్లేదే. అయిపోయిందనుకో అన్నారు."

"What's the difference?"

"అనుకో అంటే... అలా అనుకోమని."

"So he's telling me to imagine it?"

ఇందులో ఇంత అర్థం ఉందని సుభాషిణికి కూడా అప్పుడే తెలిసింది. నలభై ఏడేళ్ళ వయసులో కూతురి ఇంగ్లీషు ద్వారా తన తెలుగు తనకు అర్థమైంది. అయినా బుద్ధి రాలేదు.

సెప్టెంబరులో తోటిపిల్లలకు ఇంటర్వ్యూ పిలుపులు మొదలయ్యాయి. దామోదర్‌గారబ్బాయి సాత్విక్‌కు మూడు వచ్చాయని గుడిలో చెప్పుకున్నారు. దామోదర్ ఇక్కడి తెలుగు సంఘానికి కోశాధికారి, అడిగినా అడక్కపోయినా పదిమందికి సాయం చేసే మనిషి. సాత్విక్ ఇక్కడే పుట్టి పెరిగాడు. క్లినిక్‌కి కూడా వేసవిలో ఒక మూడు శనివారాలు వచ్చి, గోడకానుకుని నిలబడి వెళ్ళాడు. మంచి మార్కుల పిల్లాడే. తల్లిదండ్రులను సంతోషపెట్టడం తప్ప వేరే దురాశ లేనివాడు.

ఆ వారంలోనే దేదీప్య, "అమ్మా, నేను అప్లికేషన్‌లో అంకుల్ పేరు తీసేస్తా. డాక్టర్ నోవాక్‌ని అడుగుతా. వన్ వీక్‌లో ఇస్తుంది," అంది.

"వద్దే. తీసేస్తే ఆయనకు తెలుస్తుంది. నొచ్చుకుంటారు. నేను రోజూ ఆయన మొహం చూడాలి. ఇంకో వారం ఆగు, నామాట విను."

దేదీప్య తల్లి మొహంలోకి చూసి, లాప్‌టాప్ మూసేసింది. ఇంకో వారం నాలుగు వారాలైంది.

నవంబరు వచ్చింది. కార్తీకమాసం. సాత్విక్‌కి సీటు వచ్చిందని, ఆ సందర్భంగా సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నామని దామోదర్ దంపతులు ఫోన్ చేసి మరీ పిలిచారు. వీరభద్రరావు ఆఫీసు పని మీద ఊళ్ళో లేడు. దేదీప్య రానంది. "రాకపోతే ఏడుపనుకుంటారే," అని సుభాషిణి బతిమాలి తీసుకెళ్ళింది. పిల్ల చుడీదార్ వేసుకుని, మొహానికి ఒక నవ్వు తగిలించుకుని వచ్చింది. సాత్విక్‌కి నిజంగానే కంగ్రాట్స్ చెప్పింది కూడా.

పూజ అయింది. అరవైమంది దాకా బేస్‌మెంట్‌లో చేరారు. పక్కన బల్లమీద పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు ఆవిర్లు కక్కుతున్నాయి. ముందు వరస కుర్చీలో డాక్టర్ మల్లికార్జునరావుగారు పట్టుచొక్కాలో కూర్చున్నారు. ఆ ఏడాది సంఘానికి ఆయన అధ్యక్షుడిగా నిలబడి గెలిచారు. అప్పుడు దామోదర్ లేచి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"అందరికి నమస్కారం. మావాడు ఏదో చదివిండు, సీటొచ్చింది, అది పెద్ద ముచ్చట గాదు. ఈ సీటు వెనకాల మన డాక్టర్ సాబ్ ఉన్నడు. మావాని గురించి ఎంత గొప్పగ రాసిండంటే, మాకే తెల్వదు మా పోరడు ఇంత మంచోడని. నాకు కాపీ గూడ ఇచ్చిండు. జర ఓపిక జేసి వినుండ్రి."

డాక్టరుగారు కుర్చీలో కదిలారు. "అవన్నీ ఇప్పుడెందుకు దామోదర్ గారూ, భోజనాలు చల్లారిపోతున్నాయి..."

"రెండు నిమిషాలు సార్," అని దామోదర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు.

మొదటి వాక్యం విన్నప్పుడు సుభాషిణి, డాక్టర్లందరూ ఒకేలా రాస్తారు కాబోలు అనుకుంది. రెండో పేరా సగంలో పక్కన దేదీప్య చెయ్యి వచ్చి తన మోచెయ్యి పట్టుకుంది. దామోదర్ చదువుతున్నాడు, గురువారం మధ్యాహ్నాల గురించి, షుగరు పేషెంట్ల గురించి, ఎనిమిది నెలలు ఇన్సులిన్ ముట్టని ఒక ముసలాయన గురించి. "...ఈ కుర్రవాడు వచ్చీరాని తెలుగులో 'సూది తిన్నావా' అని అడిగేవాడు..."

బేస్‌మెంట్ అంతా గొల్లుమంది. ఆడవాళ్ళు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకావిడ, "ఏరా సాత్విక్, ఏదీ మాకూ ఓసారి అను!" అంది.

సాత్విక్ తండ్రి వైపు, తల్లి వైపు చూశాడు. "What's soodi?" అన్నాడు.

దానికి ఇంకా నవ్వారు. ఎంత నిగర్వి, చేసింది కూడా చెప్పుకోడు అన్నారు. దామోదర్ కళ్ళు తుడుచుకుని ముందుకెళ్ళాడు. "'...ముసలివాళ్ళు ఫోను పక్కన కూర్చుని ఎదురుచూసేలా చెయ్యడం నేర్పించలేం. ఆమెకు అది పుట్టుకతో...' ఈడ ఆమె అని పడ్డది. టైపింగ్ మిస్టేక్." తలెత్తి, గుంపులో సుభాషిణిని వెతికి పట్టుకుని, "సుభాషిణిగారూ, ఇది మీ పనేగద! మావాన్ని ఆడపిల్లను జేసిన్రు!" అన్నాడు.

అరవైమందీ ఆమె వైపు తిరిగి నవ్వారు. ఏమీ తెలియని మనిషి సరదాగా అన్న మాట అది. సుభాషిణి కూడా నవ్వింది. ఎవరేం అన్నా ముందు నవ్వడం అలవాటైన మొహం, దానంతటది నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు తర్వాత చాలాకాలం ఒళ్ళు మండేది. తన నోటినుంచి వచ్చిన వాక్యం, తన పిల్ల సిగ్గుపడుతూ ఇంగ్లీషులో పెట్టిన వాక్యం, ఇంకొకరి పిల్లాడి మెడలో దండలా పడుతుంటే, టైపు సరిగ్గా చెయ్యలేదన్న మాట కూడా తనే పడింది. ఆ ఉత్తరం తను టైపు చెయ్యలేదు. తన కంట పడకుండా, ఆయన ఇంట్లో కూర్చుని స్వయంగా చేసుకున్నారు. ఆమెను అతడుగా మార్చడంలో ఒక్కచోట జారారు. అంతే.

ఇక్కడినుంచి ఆయనకు 'గారు' తగిలించడానికి ఈ కథకు మనసొప్పడం లేదు.

వాళ్ళు భోజనం చెయ్యలేదు. గ్యారేజీలో అరవైమంది చెప్పుల మధ్య తమవి వెతుక్కుంటుంటే, మల్లికార్జునరావు వెనకే వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"సుభాషిణీ, నువ్వు వేరేలా అనుకోకు. దామోదర్ జూన్ మొదట్లోనే వెంటపడ్డాడు. రేపే కావాలన్నాడు. నీకు తెలుసుగా, ఎలక్షన్ల టైము, కాదనలేని పరిస్థితి. అప్పటికి నా దగ్గర రెడీగా ఉన్నది అదొక్కటే. దేదీప్య మనమ్మాయే కదా, ఏమనుకుంటుంది, దానికి ఇంకోటి తీరిగ్గా రాద్దాంలే అనుకున్నా. తీరా కూర్చుంటే... అవే ముక్కలు రెండు లెటర్లలో కనిపిస్తే వాళ్ళు పట్టేస్తారు కదమ్మా."

మనమ్మాయే కదా. సుభాషిణి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పరాయి పిల్ల అయ్యుంటే భయపడేవాడు. అడుగుతారని, కాగితం మీద ఫిర్యాదు చేస్తారని వెనకాడేవాడు. మనమ్మాయి కాబట్టే తీసుకున్నాడు. మన అనే మాటకు ఇన్నేళ్ళూ ఆమె ఇవ్వడం అనే అర్థమే చెప్పుకుంది. ఇలా చనువుగా చెయ్యిపెట్టి తీసేసుకోవడం కూడా అందులోనే ఉందని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమెకు కోపం కంటే ముందు అవమానం వచ్చింది, తొమ్మిదేళ్ళు ఈ మనిషి బల్లముందు కూర్చుని ఇది కనిపెట్టలేకపోయినందుకు.

"రేపు పొద్దున్నే కూర్చుంటా. దానికి రెండింతలు బాగా రాస్తా. అయిపోయిం..."

"ఏం రాస్తావ్ అంకుల్?" అంది దేదీప్య.

సుభాషిణి ఈసారి 'మీరు' అనమని సర్దలేదు.

"నీ గురించేనమ్మా. ఇంకెవరి గురించి?"

"నేను చేసింది అంతా సాత్విక్ చేసింది కదా ఇప్పుడు. ఇంకా ఏం ఉంది? నా గురించి నీకు తెలిసింది ఒక్కటి చెప్పు. Just one thing. నేను రాయనిది."

మల్లికార్జునరావు నోరు తెరిచాడు. "నువ్వు... చాలా హార్డ్‌వర్కింగ్... చిన్నప్పట్నించీ మంచి అమ్మాయివి... పెద్దలంటే గౌరవం..." అక్కడితో సరుకు అయిపోయింది. పేషెంటు పేరు గుర్తురానప్పుడల్లా చూసినట్టే సుభాషిణి వైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా ఆ చూపుకు ఆమె పేరు అందిస్తూనే ఉంది, ఊరు అందిస్తూనే ఉంది, పోయినసారి ఏ మందు రాశాడో అందిస్తూనే ఉంది.

ఆమె ఏమీ అందించలేదు. వంగి చెప్పులు వేసుకుంది.

కారు దేదీప్యే డ్రైవ్ చేస్తోంది. గోల్ఫ్ రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు, ముందుకే చూస్తూ, "సెప్టెంబర్‌లో నేను అంకుల్ పేరు తీసేస్తా అన్నాను," అంది.

"అవునమ్మా."

"నువ్వు వద్దన్నావ్."

సుభాషిణి, నీ మంచికేనని అందామనుకుంది గాని, అది అబద్ధం. పిల్ల మంచి కోసం కాదు, తన మొహమాటం కోసం. మల్లికార్జునరావు నొచ్చుకుంటాడని భయపడి, కన్నపిల్ల నొచ్చుకోవడం చూస్తూ కూర్చుంది. ఉత్తరం దొంగిలించింది ఆయనే, నిజమే. నాలుగు నెలలు ఆ దొంగతనానికి కాపలా కాసింది మాత్రం తనే. "తప్పయిపోయిందమ్మా," అంది చివరికి. లైటు పచ్చబడింది. దేదీప్య "ఓకే" అని కారు కదిలించింది. ఏడ్చినా, అరిచినా సుభాషిణికి కొంచెం తేలిగ్గా ఉండేది.

మర్నాడు దేదీప్య ఆయన పేరు తీసేసి, డాక్టర్ నోవాక్‌కి రాసింది. ఆవిడ ఆరురోజుల్లో ఉత్తరం పంపింది. అప్పటికి నవంబరు సగం దాటింది. పద్నాలుగు స్కూళ్ళలో రెండు పిలిచాయి. రెండూ వెయిటింగ్ లిస్టులో పెట్టి, మే నెలలో క్షమించమన్నాయి. ఆ ఏడాది సీటు రాలేదు. స్నేహితులందరూ తెల్లకోట్ల ఫొటోలు పెట్టుకుంటుంటే, దేదీప్య ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో డాక్టర్లు చెప్పింది కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగానికి కుదిరింది.

సుభాషిణి వెంటనే మానెయ్యలేదు. మానేస్తే ఎందుకని నలుగురూ అడుగుతారు. చెబితే దామోదర్ కుటుంబం, ఏ పాపం తెలియని ఆ పిల్లాడు బజారున పడతారు. జనవరి దాకా లాగి, మోకాళ్ళనొప్పులని చెప్పి మానేసి, స్కూల్ లైబ్రరీలో చిన్న పని చూసుకుంది. చివరిరోజు మల్లికార్జునరావు కేకు కోయించి, అందరిముందూ, "ఎక్కడికెళ్ళినా నీకు రిఫరెన్స్ లెటర్ కావాలంటే నాకు ఒక్క ఫోన్ కొట్టమ్మా," అన్నాడు. అన్నది మనస్ఫూర్తిగానే. అదే ఆ మనిషితో వచ్చిన చిక్కు.

జూన్‌లో దేదీప్య మళ్ళీ అప్లికేషన్ మొదలుపెట్టింది. ఒక ఆదివారం సుభాషిణి పెసరట్టు ప్లేటుతో భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి, పిల్ల లాప్‌టాప్ మూతను కొద్దిగా దించింది. కోపంగా కాదు, మామూలుగానే.

"ఈసారి లెటర్లు ఎవరు రాస్తున్నారే?"

"People who know me."

"పేర్లు చెప్పొచ్చుగా. నేనెవరికీ చెప్పన్లే. ఎవర్నీ అడగను కూడా అడగను."

దేదీప్య ప్లేటు అందుకుని, ఇంకో చేత్తో తల్లి చెయ్యి మీద తట్టింది. "వద్దులే అమ్మా," అంది ఎంతో మెత్తగా. అల్లం చట్నీ చాలా బాగుందంది. పెసరట్టు తింటున్నంతసేపూ మూత అలాగే దించి ఉంది. లెటర్లు మూడూ నెలలోపే చేరాయట. అది కూడా సుభాషిణి భర్త ద్వారా విన్నది.

అక్టోబరులో ఒహాయోలో సీటు వచ్చింది. పిల్ల ఎగిరి గంతేసి తల్లిని కావలించుకుంది, ఇద్దరూ ఏడ్చారు, వీరభద్రరావు స్వీట్లు తెచ్చాడు. అంతా సంతోషమే. ఆ వారమంతా షామ్‌బర్గ్ తల్లులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. అభినందించాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే. లెటర్లు ఎవరిచేత రాయించారండీ, మావాడిక్కూడా పనికొస్తుంది.

"తెలియదండీ," అనేది సుభాషిణి. ఈసారి కనుక్కుంటానని అనలేదు.

చెప్పడం ఇష్టంలేక దాస్తోందని, ఇలాంటి విషయాల్లో మనవాళ్ళు ఇంతేనని, ఆవిడ కూడా మారిపోయిందని వాళ్ళు చెప్పుకున్నారు. నిజంగానే ఆమెకు తెలియదు.